మా ఆఫీసులో గిట్ డీమన్: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

తిరుపతి బైరాగిపట్టెడలో మేము ఆరుగురం కలిసి నడుపుతున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఉన్నది ఒకే ఒక ఇంటర్నెట్ లైను. లాడ్జీలకు, హోల్‌సేల్ దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వడం మా పని. కోడ్ అంతా బయట ఒక హోస్టింగ్ సర్వరులో ఉండేది. ఉదయం వచ్చినవారు వచ్చినట్టు అక్కడి నుంచి తెచ్చుకునేవారు, సాయంత్రం అక్కడికే పంపి ఇళ్ళకు వెళ్ళేవారు. వీధిలో కాలువ పనికో పైపు పనికో తవ్వినప్పుడల్లా కేబుల్ తెగేది. ఒకసారి అలా తెగి వరుసగా మూడు రోజులు లైను రాకపోతే, పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న ఇద్దరు ఒకరి కోడ్ మరొకరికి పెన్ డ్రైవులో వేసి ఇచ్చుకోవలసి వచ్చింది. ఎవరు ఏ వరుస ఎప్పుడు మార్చారో లెక్క ఉంచడానికే వెర్షన్ కంట్రోల్ వాడుతున్న చోట, ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అన్న పేర్లతో ఫోల్డర్లు చేతులు మారడం చూసి నాకు నిజంగా బాధ కలిగింది. ఆ వారమే మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌ను దుమ్ము దులిపి, 4 జీబీ ర్యామ్‌తోనే డెబియన్ అనే లినక్స్ వేసి, దాని మీద గిట్ డీమన్‌ను, అంటే గిట్ అనే వెర్షన్ కంట్రోల్‌లో వెనక ఎప్పుడూ నడుస్తూ కోడ్ అందించే ప్రోగ్రామును, నడపడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి పద్నాలుగు నెలలుగా మేము చూసిన మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాను.

గిట్‌ను లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. అదే సంవత్సరం జూలై నుంచి దాని నిర్వహణ బాధ్యతను జునియో హమానో చూస్తున్నారు. డీమన్ కూడా ఆ తొలి సంవత్సరంలోనే గిట్‌లో చేరిన భాగం, అంటే ఇది వేరే ఎవరో తయారుచేసి అమ్మే సరుకు కాదు. డెబియన్‌లో గిట్ వేసుకుంటే దానితోపాటే వస్తుంది. ఫెడోరా అనే మరో లినక్స్‌లో మాత్రం విడిగా ఒక ప్యాకేజీ వేసుకోవాలి. జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్సు కింద ఉచితం. ఇది చేసే పని ఒక్కటే: టీసీపీ 9418 పోర్టు (నెట్‌వర్కులో ఈ సేవకు ఉన్న తలుపు నంబరు) దగ్గర కాచుకుని ఉండి, వచ్చి అడిగినవారికి రిపోను, అంటే కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే నిల్వను, చదవనిస్తుంది. పేరు అడగదు, పాస్‌వర్డ్ అడగదు, వెళ్ళే సమాచారాన్ని గుప్తంగా మార్చదు. ఎండాకాలంలో మన వీధి మొదట్లో పెట్టే చలివేంద్రం ఎలాంటిదో ఇది అలాంటిది. దాహంతో వచ్చినవారిని ఎవరు నువ్వని అడగరు, అదే దాని గొప్పతనం. కానీ కుండలో నీళ్ళు పోసే పని మాత్రం దారిన పోయే ప్రతివారికీ అప్పగించరు. ఈ రెండో మాటను నేను ఆలస్యంగా, నష్టపోయిన తర్వాత గ్రహించాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అమర్చడం అరగంట పని అనుకున్నాను. నిజానికి అమర్చడానికి పట్టింది పది నిమిషాలే, కానీ తొలిరోజు మధ్యాహ్నమంతా ఒకే ఒక ఎర్రర్ దగ్గర గడిచింది. రిపోలన్నీ ఒక ఫోల్డరులో పెట్టి, ఆ ఫోల్డరును ‘బేస్-పాత్’ అని డీమన్‌కు చెప్పాలి. అప్పుడు అవతలివారు సర్వరు లోపలి దారి అంతా టైపు చేయకుండా, సర్వరు పేరు, రిపో పేరు ఇస్తే చాలు. రిపోలు బేర్ రిపోలుగా, అంటే పని చేసుకునే ఫైళ్ళు లేకుండా చరిత్ర ఒక్కటే ఉన్నవిగా ఉండటం పద్ధతి. ఇక ముఖ్యమైనది: ఏ రిపోను బయటికి చూపవచ్చో ఆ రిపో లోపల ‘గిట్-డీమన్-ఎక్స్‌పోర్ట్-ఓకే’ అనే పేరుతో ఒక ఖాళీ ఫైలు ఉండాలి. అది లేని రిపోను డీమన్ ఇవ్వదు. నేను బేస్-పాత్ పెట్టాను, ఖాళీ ఫైలు మాత్రం మరిచాను. క్లోన్ చేయబోతే, అంటే రిపో మొత్తాన్ని కాపీ చేసుకోబోతే, ‘అనుమతి లేదు, లేదా రిపోను ఎక్స్‌పోర్ట్ చేయలేదు’ అనే అర్థం వచ్చే సందేశం వచ్చింది. పేరు తప్పుగా కొట్టినా అదే సందేశం, ఖాళీ ఫైలు లేకపోయినా అదే సందేశం, ఆపి ఉంచిన సేవను అడిగినా అదే సందేశం. అపరిచితులకు లోపల ఏముందో తెలియకూడదన్న ఉద్దేశంతో అలా ఉంచారని తర్వాత అర్థమైంది, ఆ ఉద్దేశం సరైనదే. అయితే కొత్తగా అమర్చుకునేవారు ‘ఇన్ఫర్మేటివ్-ఎర్రర్స్’ అనే ఆప్షన్‌ను మొదటి వారం రోజులు తప్పకుండా పెట్టుకోవాలని నా సలహా. అప్పుడు రిపో లేదా, ఎక్స్‌పోర్ట్ కాలేదా, సేవ ఆపి ఉందా అనేది విడివిడిగా చెబుతుంది. ‘ఎక్స్‌పోర్ట్-ఆల్’ అనే ఆప్షన్ పెడితే ఖాళీ ఫైళ్ళ అవసరమే ఉండదు, కానీ రేపు ఎవరైనా కస్టమర్ల పాస్‌వర్డులు ఉన్న రిపోను అదే ఫోల్డరులో పెడితే అది కూడా ఆ క్షణంలోనే అందరికీ కనిపిస్తుంది. కాబట్టి ఆ దారి పట్టవద్దు. లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీలో ఒక చిన్న సర్వీసు ఫైలు రాసి పెట్టాను. కరెంటు పోయి వచ్చినా, మిషన్ తిరిగి మొదలైనా డీమన్ తనంతట తాను లేస్తుంది. ఈ పద్నాలుగు నెలల్లో అది దానంతట అది పడిపోయిన సందర్భం ఒక్కటీ లేదు.

వేగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మావాళ్ళకు దీని మీద నమ్మకం కుదిరింది అక్కడే. మా పెద్ద రిపో, పాత రిపోర్టు నమూనాలు, లోగోలు, ఫాంట్లు అన్నీ చేరి 600 ఎంబీ దాకా ఉంటుంది. బయటి సర్వరు నుంచి దాన్ని కొత్తగా తెచ్చుకోవాలంటే కాఫీకి వెళ్ళి రావడమే. మొదట్లో మా గదిలో ఉన్నది 100 ఎంబీపీఎస్ స్విచ్. దాని మీద సెకనుకు 11 ఎంబీకి మించి పోదు కాబట్టి క్లోన్‌కు దాదాపు ఒక నిమిషం పట్టేది. తిలక్ రోడ్డులో గిగాబిట్ స్విచ్ ఒకటి కొని తెచ్చి మార్చాక డౌన్‌లోడ్ పది సెకన్లలోపే ముగుస్తోంది; ఆ తర్వాత డెల్టాలు, అంటే తేడాలుగా దాచిన ఫైళ్ళు, విప్పుకోవడానికి పట్టే సమయం ఎవరి కంప్యూటరు శక్తి వారిది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. డీమన్ స్వయంగా మోసే బరువు చాలా తక్కువ, అది తలుపు దగ్గర నిలబడే మనిషి మాత్రమే. ఎవరైనా క్లోన్ అడిగితే అది ‘అప్‌లోడ్-ప్యాక్’ అనే ప్రోగ్రామును లేపుతుంది, ఏ ఆబ్జెక్టులు (ఫైళ్ళను, మార్పులను గిట్ దాచుకునే ముక్కలు) పంపాలో లెక్కపెట్టి మూట కట్టే అసలు శ్రమ అక్కడ జరుగుతుంది. మనం డౌన్‌లోడ్ చేసుకుంటున్నప్పుడు దానికి అప్‌లోడ్ అని పేరేమిటని మా కుర్రవాళ్ళు అడుగుతుంటారు. ఆ పేరు సర్వరు వైపు నుంచి చూసి పెట్టింది. రిపోలో విడి ఆబ్జెక్టులు వేలకొద్దీ పేరుకుని ఉంటే మా పాత డెస్క్‌టాప్ ప్రతి క్లోన్‌కూ ఆయాసపడేది. ప్రతి ఆదివారం రాత్రి వాటిని సర్దే ‘గిట్ జీసీ’ నడిచేలా, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టిన తర్వాత ఆ ఇబ్బంది తగ్గింది. 4 జీబీ ర్యామ్ ఇప్పటికీ చాలుతోంది.

బయటి సర్వరును మేము పూర్తిగా వదిలిపెట్టలేదు. అక్కడి రిపోలను ఈ డెస్క్‌టాప్ మిర్రర్‌గా, అంటే అచ్చు నకలుగా, క్లోన్ చేసుకుని, లైను ఉన్నంతసేపూ పది నిమిషాలకు ఒకసారి కొత్త కమిట్లను (నమోదైన మార్పులను) తెచ్చుకుంటుంది. మిగతా అయిదుగురూ తెచ్చుకునేది ఈ డెస్క్‌టాప్ నుంచే. ఒకే కోడ్ ఆరుసార్లు లైను మీద రావడం మానేసింది. మరి పుష్ చేసేటప్పుడు, అంటే మార్పులను పంపేటప్పుడు, ఏ చిరునామా వాడాలన్న గందరగోళం మొదటి వారం అందరికీ ఎదురైంది. దీనికి గిట్‌లోనే చక్కని మార్గం ఉంది. ‘పుష్-ఇన్‌స్టెడ్-ఆఫ్’ అనే సెట్టింగ్‌తో, ఫలానా చిరునామాతో మొదలయ్యే రిపోకు పుష్ చేయమంటే దానికి బదులు ఎస్‌ఎస్‌హెచ్ (గుర్తింపు చూసి, గుప్తంగా కలిపే మార్గం) చిరునామాకు పంపమని ప్రతి కంప్యూటరులో ఒకసారి రాసిపెడితే చాలు. చదవడం డీమన్ ద్వారా, రాయడం ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా జరుగుతుంది, వాడేవారు తేడా గమనించనవసరం కూడా లేదు. ఈ ఒక్క సెట్టింగ్ లేకపోతే ఈ ఏర్పాటును మావాళ్ళు నెల తిరగకుండానే పక్కన పెట్టేసేవారు. అలాగని మిర్రర్‌ను బ్యాకప్ అనుకోకూడదు. అక్కడ ఒక బ్రాంచ్ (కమిట్ల విడి వరుస) పోతే, అక్కడ లేనివాటిని ఇక్కడా తీసేసే ప్రూన్ ఆప్షన్‌తో తెచ్చుకుంటున్నప్పుడు పది నిమిషాల్లో ఇక్కడా పోతుంది. మేము వారానికి ఒకసారి విడిగా ఒక హార్డ్ డిస్క్‌కు కాపీ తీస్తాము.

ఇక నష్టం సంగతి. నాలుగో నెలలో మా స్థానిక రిపోలు కొన్నింటికి డీమన్ ద్వారానే పుష్ చేసేలా ‘రిసీవ్-ప్యాక్’ సేవను తెరిచాను. అది మామూలుగా మూసి ఉంటుంది. మూసబడిన లోకల్ నెట్‌వర్కులో, అందరూ స్నేహితులే అయిన చోట మాత్రమే దాన్ని తెరవాలని గిట్ పత్రాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. మనలో మనమే కదా, అందరికీ ఎస్‌ఎస్‌హెచ్ కీలు (వచ్చింది ఎవరో గుర్తించే డిజిటల్ తాళంచెవులు) తయారుచేసి ఇవ్వడం దేనికి అనుకున్నాను. మూడు వారాలు బాగానే గడిచింది. ఒక గురువారం మధ్యాహ్నం జీఎస్టీ రిపోర్టులు రాస్తున్న మా సహోద్యోగిని ఫెచ్ కొట్టి, అంటే కొత్త మార్పులు తెచ్చుకుని, చూస్తే, ఆమె పదకొండు కమిట్లు ఉన్న బ్రాంచ్ చివర మరెవరిదో ఒకే ఒక కమిట్ కనిపించింది. పదకొండూ లేవు. ఎవరు చేశారని లాగ్ తెరిచాను. ఫలానా ఐపీ (నెట్‌వర్కులో కంప్యూటరు చిరునామా) నుంచి కనెక్షన్ వచ్చింది, ఫలానా రిపోకు రిసీవ్-ప్యాక్ అడిగింది, వెళ్ళిపోయింది, అంతే. అంతకు మించి ఒక్క అక్షరం లేదు. ఆ ఐపీని రౌటరు అప్పటికే ఎవరి ఫోనుకో ఇచ్చేసింది. కమిట్ మీద పేరు ఉంటుంది కదా అనవచ్చు. ఆ పేరు ఎవరి కంప్యూటరులో వారు రాసుకున్నది, ట్రైనింగ్ కంప్యూటర్లన్నింటిలో నేనే ఒకే పేరు పెట్టి ఉన్నాను.

మరునాడు ట్రైనింగ్‌కు వచ్చే అబ్బాయి తనంతట తానే వచ్చి చెప్పాడు: “అన్నా, పుష్ రిజెక్ట్ అని వచ్చింది. నెట్‌లో చూసి ఫోర్స్ పెట్టి కొట్టినాను, పోయింది. అక్క బ్రాంచ్ అని నాకు తెలీదన్నా.” ఆ పిల్లవాడి తప్పు ఇందులో ఇసుమంతైనా లేదు. ఫోర్స్ పుష్‌ను (ఉన్న చరిత్రను తోసేసి బలవంతంగా పంపడాన్ని) ఆపే సెట్టింగ్ రిపోలో పెట్టనిది నేను, ఎవరు వచ్చారో నమోదు చేయని తలుపును రాతకు తెరిచినది నేను. బేర్ రిపోలో రెఫ్‌లాగ్ (బ్రాంచ్ చివర ఎప్పుడు ఎక్కడుందో రాసే చిట్టా) మామూలుగా ఉండదు కాబట్టి పాత చివర ఎక్కడుందో సర్వరు చెప్పలేకపోయింది. అదృష్టవశాత్తు ఉదయం ఫెచ్ చేసుకుని ఆ తర్వాత ముట్టుకోని ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. అందులోని రిమోట్ బ్రాంచ్ గుర్తు ఇంకా పదకొండో కమిట్ మీదే నిలిచి ఉంది. అక్కడి నుంచి తిరిగి తెచ్చుకున్నాము. అది లేకపోయినా దారి ఉండేదని తర్వాత తెలిసింది: ఎవరూ చూపని ఆబ్జెక్టులను గిట్ వెంటనే చెరిపివేయదు, మామూలు సెట్టింగ్‌లో రెండు వారాలు ఉంచుతుంది, ఆలోగా సర్వరులో ‘గిట్ ఎఫ్‌ఎస్‌సీకే’ నడిపితే దిక్కులేకుండా వేలాడుతున్న కమిట్లు బయటపడతాయి. ఆ సాయంత్రమే రిసీవ్-ప్యాక్‌ను మూసేశాను. అయితే మూయడం ఒక్కటే చాలదు, రిపో సొంత కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలులో) ఎవరైనా మళ్ళీ తెరిచే వీలు ఉంటుంది. ‘ఫర్‌బిడ్-ఓవర్‌రైడ్’ ఆప్షన్‌తో ఆ వీలును కూడా తీసివేయాలి. ఇప్పుడు రాసేవారందరికీ ఎస్‌ఎస్‌హెచ్ కీలు ఇచ్చాము, ఎవరి కీతో లోపలికి వచ్చారో దాని లాగ్‌లో నమోదవుతుంది. రిపోలలో ఫోర్స్ పుష్‌ను, బ్రాంచ్ చెరపడాన్ని నిరాకరించే సెట్టింగులు పెట్టాను, రెఫ్‌లాగ్ కూడా ఆన్ చేశాను.

శని, ఆదివారాల్లో మా మేడ మీద ఇంజనీరింగ్ విద్యార్థులకు వెర్షన్ కంట్రోల్ నేర్పుతాము. బాలాజీ కాలనీ, కొర్లగుంట వైపు హాస్టళ్ళ నుంచి నలభై మంది దాకా వస్తారు. డీమన్ ఎక్కువ ఉపయోగపడేది నిజానికి అక్కడే. ఎవరికీ ఖాతా తెరవనవసరం లేదు, ఒక్క ఆదేశంతో క్లోన్ చేతికి వస్తుంది, తొలిసారి నేర్చుకునే పిల్లలకు అది పెద్ద ఊరట. మొదటి తరగతిలో మాత్రం నలభై మందీ ఒకేసారి ఎంటర్ కొట్టారు, ఏడెనిమిది మందికి కనెక్షన్ తెగిపోయింది. వైఫై బలహీనమని నేను ఆ రౌటరును కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి మార్చి చూశాను. అసలు కారణం వేరు: డీమన్ ఏకకాలంలో 32 కనెక్షన్లకు మించి తీసుకోదు, మించితే లాగ్‌లో ఒక వరుస రాసి వచ్చినవారిని వెనక్కి పంపుతుంది. ‘మ్యాక్స్-కనెక్షన్స్’ సంఖ్యను 60కి పెంచాక ఆ సమస్య మళ్ళీ రాలేదు. తరగతికి వాడే రిపోను చిన్నదిగా, 20 ఎంబీలోపు ఉంచుకోవడం కూడా మేలు, ఎందుకంటే వైఫై నలభై మందికీ పంచుకోవలసిన ఒకే గాలి.

దీనిలో నాకు అన్నింటికంటే పెద్ద లోటుగా అనిపించేది, సర్వరులో ఏయే రిపోలు ఉన్నాయో చూపే జాబితా లేకపోవడం. పేరు తెలిసినవారికే తలుపు తెరుచుకుంటుంది. కొత్తగా చేరినవారికి రిపోల పేర్లు ఎలా తెలుస్తాయి? మేము ఒక కాగితం మీద ప్రింటు తీసి బోర్డు పక్కన అంటించాము. కొత్త రిపో పెట్టిన ప్రతిసారీ పెన్నుతో కింద ఒక వరుస చేరుస్తాము. గిట్‌వెబ్ లాంటిది పక్కన నడిపితే జాబితా బ్రౌజరులో కనిపిస్తుంది, కానీ దానికి మళ్ళీ ఒక వెబ్ సర్వరు, దాని సంరక్షణ కావాలి.

భద్రత విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను: దీన్ని ఇంటర్నెట్ వైపు తెరవకండి. రౌటరులో 9418 పోర్టును బయటికి ఫార్వర్డ్ చేసి, ఇంటి నుంచి కూడా పని చేసుకోవచ్చని చూపించిన మిత్రులు నాకున్నారు. దారిలో ఉన్న ఎవరైనా ఆ కోడ్‌ను ఉన్నది ఉన్నట్టు చదవవచ్చు. పైగా అవతల ఉన్నది మన సర్వరేనా అని తేల్చుకునే వీలు ఈ ప్రోటోకాల్‌లో లేదు. గిట్‌లో ప్రతి ఆబ్జెక్టుకూ హ్యాష్ (లోపలి సమాచారం నుంచి లెక్కకట్టిన గుర్తు) ఉంటుంది కదా, దారిలో ఎవరూ మార్చలేరు కదా అనే వాదన వింటుంటాను. ఒక ఆబ్జెక్టును దొంగతనంగా మార్చడం కష్టమే. కానీ మీ బ్రాంచ్ చివర ఇదీ అంటూ పూర్తిగా వేరే కమిట్‌ను చూపిస్తే, అది అబద్ధమని హ్యాష్ చెప్పదు. ఈ కారణాల వల్లనే కోడ్ హోస్టింగ్ సైటు గిట్‌హబ్ ఈ ప్రోటోకాల్‌ను 2022 మార్చి 15న ఆపివేసింది. మా డెస్క్‌టాప్‌లో ఫైర్‌వాల్ ఆఫీసు లోపలి చిరునామాలకు తప్ప ఆ పోర్టును ఎవరికీ తెరవదు, డీమన్‌కు కూడా లోపలి చిరునామా మీద మాత్రమే వినమని ‘లిజన్’ ఆప్షన్‌తో చెప్పాను. ఇంటి నుంచి పని చేసేవారు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారానే చదువుతారు, రాస్తారు.

దీనికి బదులు గిటీ (వెబ్ పేజీలతో సహా గిట్ రిపోలు నడిపే సర్వరు) వేసుకోవచ్చు కదా అని అడిగేవారికి: ఇష్యూలు, రివ్యూలు, వెబ్ పేజీలు కావాలంటే తప్పకుండా అదే వేసుకోండి, అది కూడా తేలికైనదే. అలాంటిదే కానీ బరువైన గిట్‌ల్యాబ్‌కు మా డెస్క్‌టాప్ సరిపోదు. ఆఫీసులో ఇంకా సబ్‌వెర్షన్ అనే పాత వెర్షన్ కంట్రోల్ వాడేవారికి ఎస్‌వీఎన్‌సర్వ్ ఇలాంటి పనే చేస్తుంది, దాని పోర్టు 3690. అందులో యూజరు పేరు, పాస్‌వర్డుల ఏర్పాటు ఉంది, గిట్ డీమన్‌లో అది కూడా లేదు.

వాడాలనుకునేవారు ఇంకొకటి తెలుసుకుని ఉండాలి, ఇది మమ్మల్ని పోయిన నెలలోనే ఇబ్బంది పెట్టింది. గిట్ 2.35.2 నుంచి, అంటే 2022 ఏప్రిల్ నుంచి, రిపో ఫోల్డరు యజమాని ఎవరో సరిచూసే కట్టుబాటు మొదలైంది. తర్వాతి వెర్షన్లు దాన్ని క్లోన్ ఇచ్చే వైపుకు కూడా విస్తరించాయి. మా రిపోల యజమాని ఒక యూజరు, డీమన్ నడిచేది ఏ అధికారాలూ లేని వేరే యూజరుగా. డెబియన్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన సోమవారం ఉదయం ఎవరికీ ఏ రిపో రాలేదు, డీమన్ లాగ్ నిండా రిపో యాజమాన్యం అనుమానాస్పదంగా ఉందన్న సందేశమే. ఫలానా ఫోల్డరును నమ్మవచ్చని చెప్పే ‘సేఫ్-డైరెక్టరీ’ని రిపో సొంత కాన్ఫిగ్‌లో రాస్తే గిట్ దాన్ని లెక్కలోకి తీసుకోదు; సర్వరు మొత్తానికి వర్తించే సిస్టమ్ కాన్ఫిగ్‌లో, రిపోల దారులు పేరుపేరునా రాయాలి. అన్నింటినీ ఒక్క నక్షత్రం గుర్తుతో అనుమతించే వీలు ఉంది కానీ, పద్దెనిమిది రిపోలే కదా అని నేను ఒక్కొక్కటిగా రాశాను. పదిన్నరకల్లా మళ్ళీ క్లోన్లు వచ్చాయి. గోడ మీద కాగితంలో ప్రతి రిపో పేరు పక్కన ఇప్పుడు రెండు టిక్కులు ఉంటాయి: ఒకటి ఎక్స్‌పోర్ట్ ఫైలు పెట్టినందుకు, రెండోది సేఫ్-డైరెక్టరీలో రాసినందుకు.